నంబరు సరిగ్గానే ఉంది, మరి నాన్నగారికి కళ్లెందుకు తిరుగుతున్నాయి?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాన్నగారికి 61 ఏళ్లు, రిటైరైన స్కూలు మాస్టారు. దూరానికి కుడికన్ను మైనస్ 5, ఎడమకన్ను మైనస్ 4.50, చదవడానికి 2.25 అడిషన్, అంటే దూరం నంబరుకు కలిపే అదనపు పవర్. పదిహేనేళ్లు గీత ఉన్న బైఫోకల్ వాడి, ఇప్పుడు మొదటిసారి ప్రోగ్రెసివ్, అంటే గీత లేకుండా ఒకే అద్దంలో దూరానికీ చదవడానికీ పవర్ ఉన్న జోడు, చేయించుకున్నారు. మూడు వారాలైంది. మెట్లు దిగేటప్పుడు తూలుతున్నారు, పేపరు చదవాలంటే గడ్డం పైకెత్తుతున్నారు, సాయంత్రానికి కుడి కనుబొమ్మ మీద నొప్పి. షాపులో "అలవాటైపోతుంది" అని పంపేశారు. ఇంకోచోట పరీక్ష చేయిస్తే అదే నంబరు వచ్చింది. మూడో పరీక్ష ఎక్కడ చేయిస్తే మంచిదని మీ ప్రశ్న.

మూడో పరీక్ష ఇప్పుడే వద్దు. ఇద్దరు వేరువేరు చోట్ల చూసి ఒకే నంబరు ఇచ్చారంటే దాన్ని నమ్మొచ్చు. ఇద్దరూ చూడనిది ఒకటుంది. ఆ నంబరు నాన్నగారి కంటి ముందు ఉండాల్సిన చోట ఉందా లేదా అన్నది. నేను 28 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదటి ఆరేళ్లు విజయవాడలో లెన్సులు అరగదీసి ఫ్రేములో బిగించే బల్ల దగ్గర కూర్చున్నాను. ఆ తర్వాత ఆప్టోమెట్రీ చదివి, కంటి పరీక్షలు చేస్తూ, జోళ్లు బిగిస్తూ వస్తున్నాను. "నంబరు తప్పిచ్చారు" అంటూ నా దగ్గరికి తెచ్చిన జోళ్లలో చాలావాటికి నంబరు ఒప్పే. తప్పింది కొలత, లేదా బిగింపు.

ఎందుకలా అవుతుందో కాస్త వివరంగా చెప్పాలి. లేకపోతే షాపుకి వెళ్లినప్పుడు మీరేం అడగాలో మీకే తెలియదు.

ప్రతి లెన్సుకూ ఒక కేంద్రం ఉంటుంది. ఆ ఒక్క బిందువు గుండా చూసినప్పుడే వెలుతురు వంగకుండా నేరుగా వస్తుంది. దానికి పక్కకు జరిగితే అదే లెన్సు పట్టకంలా పనిచేసి, వస్తువును ఉన్నచోటు నుంచి కాస్త జరిపి చూపిస్తుంది. ఎంత జరుపుతుందన్నది లెక్క కట్టవచ్చు. మేము దాన్ని ప్రెంటిస్ సూత్రం అంటాం. కేంద్రం ఎన్ని సెంటీమీటర్లు తప్పిందో దాన్ని పవర్‌తో గుణిస్తే చాలు. మైనస్ 5 లెన్సు 3 మి.మీ. తప్పితే 0.3 ఇంటూ 5, అంటే 1.5 ప్రిజం. ఒక ప్రిజం అంటే మీటరు దూరంలో ఉన్న వస్తువు ఒక సెంటీమీటరు జరిగి కనిపించడం. నాన్నగారికి రెండు లెన్సుల కేంద్రాలూ చెరో 3 మి.మీ. బయటికి పోయాయనుకోండి, రెండూ కలిపి దాదాపు 3 ప్రిజం. ఆ తేడాను సరిచేసుకోవడానికి కళ్లను పొద్దుటినుంచి రాత్రిదాకా కండరాలే బయటికి లాగిపట్టాలి. కళ్లకు లోపలికి తిరగడం అలవాటే, దగ్గరి వస్తువు చూసిన ప్రతిసారీ చేసే పనే కదా. బయటికి తిరిగే శక్తి చాలా తక్కువ. ఇక ఒక కన్ను పైకి, ఒక కన్ను కిందికి తిరగమంటే అంతకన్నా తక్కువ. అందుకే పక్క కొలతలో 2 మి.మీ. తేడా ఓర్చుకునే మనిషి కూడా, నిలువు కొలతలో అదే 2 మి.మీ. తేడా వస్తే తలనొప్పితో మంచం ఎక్కుతాడు.

అందరికీ ఇంత పట్టింపు అక్కర్లేదన్నది కూడా చెప్పాలి. చత్వారం వచ్చి ప్లస్ 1.50 అద్దాలతో పేపరు చదివేవాళ్లకు 3 మి.మీ. తేడా వస్తే అర ప్రిజం కూడా కాదు, వాళ్లకది తెలియనే తెలియదు. రెండు కళ్లకూ ఒకే పవర్ ఉండి, సిలిండర్ (ఒక కోణంలో మాత్రమే ఉండే పవర్) లేనివాళ్లు రెడీమేడ్ రీడింగ్ గ్లాసులతో హాయిగా చదువుకుంటున్నారు. తెలంగాణలో 2018లో మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో రీడింగ్ గ్లాసులు అక్కడికక్కడే ఇచ్చి, సిలిండర్ లాంటివి ఉన్నవాళ్లకు విడిగా చేయించి తర్వాత అందించడానికి కారణం ఇదే. మైనస్ 4 దాటినవాళ్లు, ప్రోగ్రెసివ్ వేసుకునేవాళ్లు, సిలిండర్ ఎక్కువున్నవాళ్లు, చిన్నపిల్లలు, ఈ నాలుగు రకాల వాళ్ల విషయంలో మాత్రం మిల్లీమీటరు అంటే మిల్లీమీటరే. మీ నాన్నగారు అందులో రెండింటికి చెందుతారు.

ఇప్పుడు మీరు పెట్టిన చీటీ ఫోటో చూద్దాం. పీ.డీ. దగ్గర 64 అని ఒక్క అంకె ఉంది. పీ.డీ. అంటే రెండు కంటిపాపల నడుమ దూరం. పెద్దవాళ్లలో ఎక్కువమందికి 54 నుంచి 74 మి.మీ. మధ్యలో ఉంటుంది. ప్రోగ్రెసివ్‌కి ఈ ఒక్క అంకె చాలదు. ముక్కు మధ్య నుంచి కుడికంటికి ఎంత, ఎడమకంటికి ఎంత అని రెండు అంకెలు రాయాలి. 64 ఇస్తే ల్యాబువాళ్లు చెరి సగం, 32, 32 అని పెట్టేస్తారు. మనిషి ముఖం అలా కొలబద్ద పెట్టి గీసినట్టు ఉండదు. చాలా ఏళ్ల క్రితం ఒక మాస్టారికి ప్రోగ్రెసివ్ రెండుసార్లు మార్చి ఇచ్చాను, రెండుసార్లూ నంబరే కొంచెం అటూ ఇటూ చేశాను. మూడోసారి ఆయన ఎదురుగా కూర్చుని నిదానంగా చూస్తే, చిన్నప్పుడెప్పుడో దెబ్బ తగిలి ముక్కు దూలం పక్కకు పోయి ఉంది. కుడివైపు 29, ఎడమవైపు 33. మొత్తం కలిపితే 62, దాన్ని నేను రెండుసార్లూ సరిగ్గానే కొలిచాను. ఆయన రెండు నెలలు నా మాట నమ్మి ఆ జోడుతోనే తిప్పలు పడ్డారు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. ఆ రోజు నుంచి కుడి ఎడమ విడివిడిగా కొలవకుండా ఒక్క ప్రోగ్రెసివ్ కూడా ఆర్డరు పెట్టలేదు.

పీ.డీ. తర్వాత ఎత్తు. ప్రోగ్రెసివ్‌లో పై భాగం దూరానికి, కింద భాగం చదవడానికి. మధ్యలో పవర్ మెల్లగా మారుతూ దిగే సన్నని దారి ఒకటి ఉంటుంది. ఆ దారికి అటూ ఇటూ పక్కల మసకగా ఉండటం ఆ లెన్సు స్వభావం, దాన్ని ఏ కంపెనీ పూర్తిగా తీసేయలేదు. అందుకే కంటిపాప సరిగ్గా ఎక్కడ ఉందో ఆ ఎత్తులోనే లెన్సు మీది ఫిట్టింగ్ గుర్తు కూర్చోవాలి. నాలుగు మి.మీ. కిందికి కూర్చుందా, చదివే భాగం అందక మనిషి గడ్డం పైకెత్తుతాడు. మీ నాన్నగారు చేస్తున్నది అదే. పైకి కూర్చుందా, నేరుగా చూస్తే దూరం మసకేసి గడ్డం దించుకుంటాడు. తల పక్కకు తిప్పితే తప్ప అక్షరాలు స్పష్టం కావడం లేదంటే అది పక్క కొలతలో తప్పు. రోగి తల పట్టే తీరు చూసే సగం విషయం చెప్పేయవచ్చు. వేలితో జోడును రెండు మి.మీ. పైకి లేపి పట్టుకుంటే "ఆఁ, ఇప్పుడు బాగుంది" అంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఈ ఎత్తు కొలతలో షాపుల్లో జరిగే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే. అరలోంచి తీసిన ఫ్రేమును తీసినట్టే ముఖానికి పెట్టి, డమ్మీ లెన్సు మీద పెన్నుతో చుక్క పెట్టేస్తారు. లెన్సు తయారై వచ్చాక, డెలివరీ రోజున కాడలు వంచి, ముక్కు ప్యాడ్లు సర్ది బిగిస్తారు. బిగించగానే ఫ్రేము మూడు మి.మీ. పైకో కిందికో పోతుంది, పెట్టిన చుక్క వృథా. ముందు ఫ్రేమును ముఖానికి సర్దాలి, తర్వాతే కొలవాలి. ఇంకొకటి, కొలిచేవాడి కళ్లూ కొలిపించుకునేవాడి కళ్లూ ఒకే ఎత్తులో ఉండాలి. కుర్చీలో కూర్చున్న మనిషికి, కౌంటరు అవతల నిలబడి పైనుంచి చుక్క పెడితే అది పైకే పడుతుంది. "గడ్డం కొంచెం ఎత్తండి సార్" అని పెట్టినా తప్పే. మనిషి మామూలుగా నిలబడినప్పుడు, నడిచేటప్పుడు తల ఎలా పడతాడో అలాగే ఉండనివ్వాలి.

మీరు పెట్టిన నాన్నగారి ఫోటోలో నాకు రెండు కనిపించాయి. జోడు ముక్కు మీదకి జారి ఉంది. కుడివైపు ఎడమవైపు కన్నా కిందికి ఉంది. ఫోటోలో కొలవలేను గానీ, ఆ వాలు 2 మి.మీ. ఉన్నా కూడా మైనస్ 5 దగ్గర ఒక ప్రిజం నిలువు తేడా వస్తుంది. సాయంత్రానికి కుడి కనుబొమ్మ నొప్పికి నేను మొదట అనుమానించేది దీన్నే. ఒక చెవి ఇంకో చెవి కన్నా కొంచెం పైకి ఉండటం చాలామందికి సహజం. టేబులు మీద పెడితే నిటారుగా ఉన్న జోడు ముఖం మీద వంకరగా ఉండొచ్చు, టేబులు మీద వంకరగా ఉన్నది ముఖం మీద సరిగ్గా ఉండొచ్చు. చూడాల్సింది ముఖం మీద. కుడివైపు కిందికి ఉంటే కుడి కాడను కొద్దిగా కిందికి వంచితే ఆ వైపు అద్దం పైకి లేస్తుంది. ఇది ఐదు నిమిషాల పని, ఇంట్లో మాత్రం చేయకండి, విరుగుతుంది.

జోడు జారితే ఎత్తు ఒక్కటే మారదు, కంటికీ అద్దానికీ దూరం మారుతుంది. పరీక్ష చేసేటప్పుడు ఆ దూరం 12, 13 మి.మీ. ఉంటుంది. మైనస్ లెన్సు ముందుకు పోయేకొద్దీ కంటి దగ్గర దాని బలం తగ్గుతుంది, ప్లస్ లెన్సుది పెరుగుతుంది. నేను పనిలో చేరిన కొత్తలో శుక్లం ఆపరేషన్ అయినా లోపల లెన్సు పెట్టించుకోని ముసలివాళ్లు చాలామంది ఉండేవారు. ప్లస్ 10 సోడాబుడ్డి అద్దాలు, ముక్కు కొసన పెట్టుకుని పంచాంగం చదువుతూ కనిపించేవారు. జోడు సరిగ్గా పెట్టుకోవడం రాదని ఇంట్లోవాళ్లు విసుక్కునేవారు. నిజానికి వాళ్లే సరి. ప్లస్ 10 అద్దం 12 మి.మీ. నుంచి 20 మి.మీ. దూరానికి జరిగితే కంటి దగ్గర ఒక పాయింటుకు పైగా పవర్ పెరుగుతుంది. చదవడానికి వేరే జోడు లేనివాళ్లు ముక్కునే అలా వాడుకున్నారు. ఏ పుస్తకం చదవకుండా వాళ్ల కళ్లే కనిపెట్టుకున్న లెక్క అది.

పిల్లల దగ్గర ఇదే తిరగబడుతుంది. ఒకసారి ఏడేళ్ల పాపను తెచ్చారు, మైనస్ 8. బడిలో బోర్డు కనిపించడం లేదంటోంది, నంబరు పెరిగిందేమో అని తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంది. పెద్దల ఫ్రేము, "పెరిగే పిల్ల కదా, రెండేళ్లు వస్తుంది" అని కొన్నారు. ముక్కు దూలం ఇంకా ఏర్పడని ముఖం మీద అది సగం ముక్కు దాకా జారింది. ఎనిమిది మి.మీ. జారితే మైనస్ 8లో 0.40 దాకా పోతుంది. దానికితోడు పాప అద్దం పైనుంచి చూస్తోంది. పాపకు సరిపడే చిన్న ఫ్రేము, మెత్తటి ప్యాడ్లు, చెవి వెనక పట్టే కాడ కొసలు పెట్టి అదే నంబరుతో చేసిస్తే, బోర్డు మీది అక్షరాలు చదివింది. పిల్లల ఫ్రేము పెరిగేదానికి కొనకూడదు, ఇవాళ్టి ముఖానికి కొనాలి. ఆ వయసులో చూపు సరిగ్గా అందని కన్ను సోమరి కన్నుగా మిగిలిపోతే తర్వాత ఎంత మంచి అద్దం పెట్టినా పూర్తిగా రాదు. ఇది మీ ప్రశ్నకు సంబంధించినది కాకపోయినా చదివే తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను.

ఇక మీరు చేయాల్సింది. ఈ రాత్రి ఇంట్లోనే ఒక పరీక్ష. ప్రోగ్రెసివ్ లెన్సు మీద కంటికి కనబడని చెక్కుడు గుర్తులు ఉంటాయి. అద్దాన్ని దీపం వెలుగుకు ఏటవాలుగా పట్టుకుని నోటితో ఆవిరి ఊదండి. ఒక్కో లెన్సులో రెండు చిన్న సున్నాలో, కంపెనీ గుర్తులో, 34 మి.మీ. ఎడంలో కనిపిస్తాయి. చెవివైపు గుర్తు కింద అడిషన్ అంకె కూడా ఉంటుంది. అక్కడ 22 అనో 225 అనో ఉంటే అడిషన్ సరిగ్గా వచ్చినట్టే. ఆ రెండు గుర్తుల మీద తుడిస్తే పోయే మార్కరుతో చుక్కలు పెట్టి, రెండింటికీ సరిగ్గా మధ్యలో మూడో చుక్క పెట్టండి. నాన్నగారికి పెట్టి, మీరు ఎదురుగా ఒకే ఎత్తులో కూర్చుని చూడండి. ఆయన మీ తల మీదుగా దూరంగా ఉన్న గోడను చూడాలి. కంటిపాప మధ్య చుక్కకు నేరుగా పైన, కొద్ది మి.మీ. ఎత్తులో ఉండాలి. కంటిపాప చుక్కకు పక్కగా ఉంటే పీ.డీ. తప్పింది. ఒక కంటికి చుక్క దగ్గరగా, ఇంకో కంటికి బాగా కింద ఉంటే వంకర.

ఎత్తు ఎన్ని మి.మీ. ఉండాలన్నది లెన్సు రకాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఆ భాగం షాపులోనే తేల్చాలి. ప్రతి కంపెనీ తన లెన్సుకు ఒక చార్టు ఇస్తుంది. ఆ చార్టు మీద జోడు పెట్టి చెక్కుడు గుర్తుల ఆధారంగా ఫిట్టింగ్ గుర్తును తిరిగి గీయవచ్చు. కాబట్టి రేపు వెళ్లినప్పుడు "కళ్లు తిరుగుతున్నాయి" అని మొదలుపెట్టకండి, మళ్లీ అలవాటు మాటే చెబుతారు. "లెన్సు మీద మార్కింగ్ తిరిగి గీసి, నాన్నగారికి పెట్టి, ఫిట్టింగ్ గుర్తు కంటిపాప మీద ఉందో లేదో మాకు చూపించండి" అనండి. ఈ మాట విన్నాక ఏ షాపువాడూ తేలిగ్గా తీసుకోడు. ముందు కాడలు, ప్యాడ్లు సర్ది, అప్పుడు గీయమనండి. సర్దిన తర్వాత గుర్తు పాప మీదకు వచ్చేస్తే లెన్సు మార్చాల్సిన పనే లేదు. రాకపోతే కుడి ఎడమ పీ.డీ. విడివిడిగా, ఎత్తు విడివిడిగా కొలిపించి లెన్సులు మళ్లీ చేయించాలి. చాలా కంపెనీల ప్రోగ్రెసివ్ లెన్సులకు అలవాటు కాకపోతే నిర్ణీత గడువులో ఒకసారి మార్చి ఇచ్చే ఏర్పాటు ఉంటుంది. గడువు బిల్లు మీదో కార్డు మీదో రాసి ఉంటుంది, ఈరోజే చూసుకోండి. మూడు వారాలు ఇప్పటికే అయిపోయాయి.

అప్పుడే లెన్సు పవర్ కొలిచే లెన్సోమీటరులో సిలిండర్ యాక్సిస్, అంటే సిలిండర్ ఏ కోణంలో ఉందో కూడా చూపించమనండి, ముఖ్యంగా ఆ ఫ్రేము గుండ్రటిదైతే. గుండ్రటి ఫ్రేములో స్క్రూ వదులైతే లెన్సు తిరుగుతుంది. సిలిండర్ మైనస్ 2 ఉన్నవాళ్లకు పది డిగ్రీలు తిరిగితే 0.70 దోషం అలాగే మిగిలిపోతుంది. ముప్ఫై డిగ్రీలు తిరిగితే సిలిండర్ పెట్టుకున్నా లేకున్నా ఒకటే.

మీరు ఫ్రేము గురించి అడగలేదు, అయినా లెన్సులు మార్చాల్సి వస్తే చెబుతున్నాను. కాడ లోపల 54, చిన్న చదరం, 18 అని రాసి ఉందన్నారు. 54 అద్దం వెడల్పు, 18 ముక్కు దగ్గర ఎడం. కలిపితే 72. నాన్నగారి పీ.డీ. 64. అంటే ఒక్కో లెన్సు కేంద్రాన్ని 4 మి.మీ. లోపలికి జరపాలి. ఆ మేరకు బయటి అంచు లావెక్కుతుంది, బరువు పెరుగుతుంది, జారుతుంది. 50, 18 ఫ్రేము తీసుకుంటే తేడా 2 మి.మీ.కి తగ్గుతుంది. మైనస్ 5కి ఖరీదైన పల్చటి లెన్సు కన్నా చిన్న ఫ్రేమే ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం. అయితే నిలువు ఎత్తు మరీ తగ్గిస్తే చదివే భాగం కోసేసినట్టవుతుంది. కంటిపాప నుంచి ఫ్రేము కింది అంచుకు 18 మి.మీ. ఉండేలా చూసుకోండి.

అలవాటు అనేది అబద్ధమని మాత్రం అనుకోకండి. బైఫోకల్ నుంచి వచ్చినవాళ్లకు మొదట్లో పక్కల నేల ఊగినట్టు ఉంటుంది, అది రోజురోజుకూ తగ్గుతుంది, రెండు వారాల్లో చాలావరకు పోతుంది. తగ్గుతోందా లేదా అన్నదే చూడాలి. మీ నాన్నగారికి మొదటి రోజు ఎంతో ఇరవయ్యో రోజూ అంతే ఉందని రాశారు కాబట్టే నేను కొలత వైపు చూస్తున్నాను.

మెట్ల సంగతి వేరుగా తీసుకోండి, ఎందుకంటే కొలత సరిచేసినా అది పూర్తిగా పోదు. 2.25 అడిషన్ ఉన్న కింది భాగం 44 సెం.మీ. దూరానికి పనికొస్తుంది, మెట్టు ఉండేది మీటరున్నర దూరంలో. కళ్లు మాత్రం దించి ఆ భాగంలోంచి చూస్తే మెట్టు అంచు మసకగానే ఉంటుంది. తల దించి పై భాగంలోంచి చూడటం నేర్చుకోవాలి, అప్పటిదాకా రైలింగు వదలొద్దు. ఆయన పొద్దున్నే వాకింగ్‌కు వెళ్తారని రాశారు. దానికి దూరం నంబరుతో మాత్రమే ఒక మామూలు జోడు చేయించండి, ఖర్చు పెద్దగా కాదు. ఈ వయసులో పడితే తుంటి ఎముక విరగవచ్చు.

షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉండి, అదుపులో లేకపోతే నంబరే అటూ ఇటూ మారుతుంది, అప్పుడు షుగర్ కొన్ని వారాలు నిలకడగా ఉన్నాక పరీక్ష చేయించాలి. హఠాత్తుగా రెండుగా కనబడటం, ఒక కంటికి తెర దించినట్టు కావడం, మెరుపులు కనబడటం, వీటిలో ఏదున్నా ఈ అద్దాల గొడవ పక్కనపెట్టి అదే రోజు కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

రేపు షాపులో మార్కింగ్ గీసిన తర్వాత జోడు పెట్టుకుని ఉండగా ఒక ఫోటో తీసి పెట్టండి. ఫోను నాన్నగారి కళ్ల ఎత్తులోనే పట్టుకోండి, ఆయన్ని ఫోను కెమెరాలోకే చూడమనండి, గడ్డం ఎత్తమనకండి. నేను చూసి లెన్సులు మార్చాలో, కాడలు సర్దితే సరిపోతుందో చెబుతాను.